రెండు కుంచాలు



2023 వేసవిలో మా అమ్మాయి పిలుపు మీద న్యూజెర్సీ వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడ నేను చేసిన మొదటి పొరపాటు నా వయసువారందరూ చేసేదే. కంటబడిన ప్రతి వస్తువు ధరనూ 82తో గుణించడం. నాలుగు కరివేపాకు రెమ్మలు సంచిలో పెట్టి రెండు డాలర్లన్నారు. 164 రూపాయలని మనసులో లెక్క కట్టి, కరివేపాకు లేని చారే మేలనుకొన్నాను. క్షౌరానికి వెళితే 25 డాలర్లు. అంటే రెండు వేల యాభై రూపాయలు! నా నెత్తిన మిగిలిన వెంట్రుకలను లెక్కబెడితే ఒక్కొక్కదానికి ఎంత పడిందో చెప్పడానికి కూడా సిగ్గే.

ఇంటికి వచ్చి ఈ మాట వాపోతే మా అల్లుడు నవ్వి, "మామయ్యగారూ, ధర ఒక్కటే గుణిస్తున్నారు. ఆ సెలూను ఆయన సంపాదన కూడా గుణించి చూడండి" అన్నాడు. గుణించాను. అది నేను పదవీ విరమణ చేసిననాటి మా ప్రధానోపాధ్యాయుని జీతాన్ని మించిపోయింది. ఆహా, ఎంత భాగ్యవంతుడు అనుకొనేలోగా ఆయన కట్టే ఇంటి అద్దె ఎంతో చెప్పారు. అది విన్నాక ఆయన భాగ్యం మీద నా నమ్మకం సన్నగిల్లింది.

అంటే గుణకారం రెండువైపులా అబద్ధమే చెప్పింది. మరి రెండు దేశాల బతుకును తూచే తక్కెడ ఏది? ఈ ప్రశ్న నాకు కొత్తగా తోచినది కాదు. మన దేశాన్ని ఇంగ్లండు ఏలిన కాలంలో అరవై ఏళ్ళపాటు పెద్దలు వాదులాడుకొన్న ప్రశ్న ఇదే. ఆ కథ చెప్పే ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి.

మా తాతగారిది కృష్ణా డెల్టాలో చిన్నపాటి కమతం. నా చిన్నతనంలో, అంటే 1960ల చివర, కోతల కూలి ఇంకా ధాన్యంగానే కొలిచేవారు. మా ఇంట్లో రెండు కుంచాలుండేవి. కౌలుదారు నుండి గింజలు పుచ్చుకొనేటప్పుడు ఒకటి, కూలివారికి కొలిచి ఇచ్చేటప్పుడు మరొకటి. చూపులకు రెండూ ఒకటే. రెండోదాని అడుగు చెక్క కొంచెం మందం. ఈ రహస్యం నాకు చెప్పింది మా నాయనమ్మ. చెప్పి, "బయట అనకురా" అంది. తాతగారు దుర్మార్గుడు కాడు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నదే అది. కాని ఆ రోజు నుండి ఎవరైనా లెక్క చెబితే ముందుగా కుంచం అడుగు చూసే అలవాటు నాకు పట్టుబడింది.

ఇక అసలు సంగతి.

1858లో పాలన కుంపిణీ చేతినుండి ఇంగ్లండు రాణి చేతికి మారిన తరువాత, భారతదేశపు నైతిక, భౌతిక ప్రగతిని గురించి ఏటా పార్లమెంటుకు ఒక నివేదిక సమర్పించాలని చట్టంలో పెట్టారు. ఏటా నివేదిక రావడమూ, అందులో రైళ్ళు, కాలువలు, ఎగుమతులు పెరగడమూ మామూలైంది. దేశం భాగ్యవంతమవుతున్నదని దొరలు నమ్మారు. మనలోనూ కొందరు నమ్మారు.

నమ్మనివారిలో ముఖ్యుడు దాదాభాయి నౌరోజీ. 1825లో బొంబాయిలో పుట్టిన పార్సీ. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్యుడుగా పనిచేసి, 1855లో వ్యాపారం నిమిత్తం లండను చేరాడు. లెక్కల పంతులుకు ఒక దుర్గుణముంటుంది: ఎవరేమి చెప్పినా "ఏదీ, వేసి చూపించు" అంటాడు. పంతుళ్ళతో కలిసి ముప్పై ఏళ్ళకు పైగా బతికినవాడిని, ఆ సంగతి నాకు తెలుసు. నౌరోజీ అడిగిన ప్రశ్న ఇంతే. దేశంలో ఏడాదికి పండే పంట, తయారయ్యే సరుకు మొత్తం విలువ ఎంత? దాన్ని తలలకు పంచితే తలకు ఎంత?

ఆ లెక్క ప్రభుత్వం వద్ద లేదు. తానే కూర్చొని వేశాడు. ఒక్కొక్క రాష్ట్రంలో సాగు భూమి ఎన్ని ఎకరాలు, ఎకరాకు దిగుబడి ఎంత, ధర ఎంత అని ప్రభుత్వ నివేదికలలోనుండే తీసి, గుణించి, దానికి పరిశ్రమలు, గనులు వగైరాలకు కొంత కలిపాడు. 1867-70 నాటి అంకెలతో వేసిన ఈ లెక్కను 1870లో లండనులో ఒక ప్రసంగంలో సూచించి, 1876లో బొంబాయి సభలో వివరంగా చదివాడు. తేలిన ఫలం: తలకు ఏడాదికి 20 రూపాయలు. ఆనాటి మారకంలో రెండు పౌండ్లు.

ఇక్కడ దొరల వద్ద సిద్ధంగా ఒక సమాధానం ఉంది. ఇండియాలో అన్నీ చవక, భారతీయుడి అవసరాలు స్వల్పం, గోచి గుడ్డ, గుప్పెడు బియ్యం చాలు, రెండు పౌండ్లు లండనులో రెండు వారాలకు రాకపోవచ్చుగాని అక్కడ ఏడాది గడిచిపోతుంది అని. నేను న్యూజెర్సీలో విన్న సమాధానానికి ఇది తలకిందుల రూపం. దీనిలో కొంత నిజం ఉన్నది కాబట్టే కొట్టివేయడం కష్టం.

నౌరోజీ గొప్పతనమంతా దీనికి చెప్పిన జవాబులో ఉంది. ఆయన పౌండ్ల జోలికి పోలేదు. ఇంగ్లండు కూలివాని తిండితో మన రైతు తిండిని పోల్చలేదు. మన దేశంలోనే, మన ధరలలోనే, ప్రభుత్వమే నిర్ణయించిన ఒక మనిషి ఖర్చు ఏదైనా ఉన్నదా అని వెదికాడు. దొరికింది. ఆ మనిషి జైలులో ఖైదీ!

ఖైదీకి పెట్టే తిండి, ఇచ్చే గుడ్డ ప్రభుత్వమే కొంటుంది. ఎంతైందో కారాగారాల నివేదికలలో అణాలతో సహా అచ్చువేస్తుంది. నౌరోజీ రాష్ట్రంవారీగా రెండు వరుసలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి తలసరి ఉత్పత్తి, మరొకటి ఖైదీ తిండికి, గుడ్డకు ఏడాది ఖర్చు. బెంగాలులో ఉత్పత్తి 15 రూపాయలు. ఖైదీ ఖర్చు 31 రూపాయల 11 అణాలు. పంజాబులో 20, ఖైదీకి 27 రూపాయల 3 అణాలు. మన కోస్తా, రాయలసీమ ఆనాడు ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఉత్పత్తి 18 రూపాయలు. ఖైదీకి 53 రూపాయల 2 అణాలు.

ఈ వరుసలను మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చొన్నాను. దొంగతనం చేసినవాడికి దొర స్వయంగా కొలిచి పెట్టే కూడు, దొంగతనం చేయనివాడు ఏడాదంతా దున్ని పండించినదానికంటె ఎక్కువ. చవక అన్న వాదం ఇక్కడ చెల్లదు. ఖైదీ బియ్యమూ అదే అంగడిలో కొన్నవే గదా!

ఆయన మరొక కొలత కూడా తీసుకొన్నాడు. ఆ రోజులలో మన కూలీలు చెరకు తోటలకు ఓడలెక్కి సముద్రాంతరాలు పోతున్నారు; 1860లో మద్రాసునుండి నేటాలుకు ట్రూరో అనే ఓడలో పోయినవారిలో తెలుగువారూ ఉన్నారు. అటువంటి వలస కూలీల ఆరోగ్యం చూసే కలకత్తా ప్రభుత్వ వైద్యుడు 1870లో, ఓడలో ఒక మనిషికి రోజుకు ఎంత తిండి కావాలో పట్టిక వేశాడు. 20 ఔన్సుల బియ్యం, 6 ఔన్సుల పప్పు, ఒక ఔన్సు నెయ్యి, కొద్దిగా కూరలు, మాంసం. ఇది పనిచేసే మనిషికి కాదు, ఓడలో ఊరకే కూర్చొన్న మనిషికి! పొలంలో పనిచేసేవాడికి అదైనా దొరుకుతున్నదా అని నౌరోజీ నిలదీశాడు.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే ఈ లెక్కలో లోపాలున్నాయి. జైలులో పసిపిల్లలుండరు, దేశంలో ఉంటారు. వారు తినేది తక్కువ. అందుకని ఖైదీ ఖర్చులో నాలుగో వంతు తగ్గిద్దాం. మద్రాసుకు 40 రూపాయలకు చేరువగా వస్తుంది. 18తో పోలిస్తే అప్పటికీ రెట్టింపు పైమాటే. ఉత్పత్తి లెక్కలో ఆయన కొన్నింటిని తక్కువ వేశాడన్న విమర్శ కూడా ఉంది. 1902లో అట్కిన్‌సన్ అనే అధికారి వేరు పద్ధతిలో వేసి 1875 నాటి తలసరి ఆదాయం 30 రూపాయల 8 అణాలని తేల్చాడు. సరే, అదే ఒప్పుకొందాం. సగటు మనిషి అప్పుడు కూడా బెంగాలు ఖైదీని అందుకోలేదు.

1882లో ప్రభుత్వమే తలసరి 27 రూపాయలని ఒప్పుకొంది. ఆర్థిక సభ్యుడు ఈవ్లిన్ బేరింగు, అనంతరం లార్డు క్రోమరుగా ప్రసిద్ధుడు, ఆ ఏటి ఉపన్యాసంలో ఇంగ్లండు తలసరి 33 పౌండ్లు, ఫ్రాన్సు 23, ఐరోపాలో కడు బీదదైన టర్కీ 4 అని పక్కన పెట్టి మరీ చెప్పాడు. ఆనాటి మారకంలో మన 27 రూపాయలు రెండుంబాతిక పౌండ్లకు మించవు. ఇంగ్లండువాడి ఆదాయం మనకు దాదాపు 15 రెట్లు.

ఈ 15 రెట్లు అన్న మాటను కూడా జాగ్రత్తగా పట్టుకోవాలి. మారకం మీద కట్టిన లెక్క ఇసుక మీద కట్టిన గోడ. 1870 ప్రాంతంలో రూపాయి రెండు షిల్లింగులు. వెండి ధర పడిపోయి, శతాబ్దాంతానికి ఒక షిల్లింగు నాలుగు పెన్నీల వద్ద దాన్ని నిలబెట్టారు. నౌరోజీ చెప్పిన 20 రూపాయలు మొదట రెండు పౌండ్లు. తరువాత ఒక పౌండు ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. రైతు కంచంలో ఒక్క మెతుకు తగ్గకుండానే లండను లెక్కలో వాడు మూడోవంతు బీదవాడైపోయాడు! అందుకే నౌరోజీ ఖైదీని పట్టుకొన్నాడు. ఖైదీ కంచం వెండి ధరను బట్టి మారదు.

లెక్కకు ఇంత ప్రాణం ఎందుకు పెట్టాలని కొందరికి అనిపించవచ్చు. లెక్క తప్పితే ఏమవుతుందో ఆయన ప్రసంగం చేసిన ఏడే మన జిల్లాలు చూశాయి. 1876లో వానలు లేవు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నది అదే. బళ్ళారి, కర్నూలు, కడప మండలాలు మలమల మాడిపోయాయి. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో లార్డు లిట్టను విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటుతూ దర్బారు చేశాడు. అదే నెలలో, కరువు పనులలో ఖర్చు తగ్గించమని సర్ రిచర్డు టెంపులును మద్రాసుకు పంపాడు. టెంపులు మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే డబ్బు, పైన కొద్ది చిల్లర చాలునని తేల్చాడు. పౌనంటే 16 ఔన్సులు. ఓడలో ఊరకే కూర్చొన్నవాడికి 20 ఔన్సుల బియ్యమూ, పప్పూ, నెయ్యీ కావాలని ప్రభుత్వ వైద్యుడు చెప్పి అప్పటికి ఏడేళ్ళే. ఇప్పుడు ఎండలో మట్టి తవ్వి మోసేవాడికి 16 చాలునట! మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఇది మనిషిని చంపే కొలత అని ఎదురుతిరిగాడు. వాదోపవాదాలు జరిగి మే నెలలో కూలి పెంచారు. ఆ నాలుగు నెలలలో ఎందరు పోయారో ఏ లెక్కా చెప్పలేదు. ఆ కరువు పనులలోనే తవ్వి పొడిగించిన కాలువకు గవర్నరు బకింగుహాము పేరు పెట్టారు. ఆ నీటి మీద పడవలు పోతూ ఉండగా మా నాయనగారు చూశారు.

భారతీయుడికి తక్కువ చాలు అన్న వాక్యం నివేదికలో ఉన్నంతవరకు అభిప్రాయం. కూలిపట్టీలోకి దిగితే మరణశాసనం.

ఇంగ్లండు వైపు కూడా చూడకపోతే ఈ వ్యాసం ఒంటికంటిదవుతుంది. అక్కడ అందరూ 33 పౌండ్ల సగటు మీద సుఖంగా లేరు. యార్కు నగరంలో చాకొలెట్లు చేసే కుటుంబానికి చెందిన సీబోమ్ రౌంట్రీ 1899లో ఇల్లిల్లూ విచారించి, అయిదుగురున్న కుటుంబం కేవలం ప్రాణం నిలుపుకోవడానికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు కావాలని లెక్క వేశాడు. తిండికి 12 షిల్లింగుల 9 పెన్నీలు, అద్దెకు 4 షిల్లింగులు, బట్టలు, బొగ్గు, దీపం వగైరాకు 4 షిల్లింగుల 11 పెన్నీలు. ఆ తిండి కొలతకు ఆయన ఆధారం చేసుకొన్నది బీదల శరణాలయాల భోజన పట్టిక! అందులోనూ తాజా మాంసం తీసివేసి ఇంకా తగ్గించాడు. అయినా ఆ నగరంలో నూటికి 28 మంది పేదరికంలో ఉన్నట్లు తేలింది.

నౌరోజీ ఖైదీని పట్టుకొన్నట్లే, పాతికేళ్ళ తరువాత రౌంట్రీ శరణాలయవాసిని పట్టుకొన్నాడు. ఇద్దరికీ ఒకే సంగతి తోచింది: ప్రభుత్వం తన చేత్తో పెట్టే కనీసపు కూడే, ఆ దేశంలో మనిషి బతుకును కొలిచే న్యాయమైన కుంచం. రౌంట్రీ పుస్తకమూ, నౌరోజీ తన వ్యాసాలను కూర్చిన పుస్తకమూ ఒకే ఏడు, 1901లో, వెలువడ్డాయి. ఆ ఏడే వైస్రాయి కర్జను మన తలసరి 30 రూపాయలన్నాడు. యార్కు కనీసాన్ని నాలాగా రూపాయలలోకి గుణిస్తే తలకు 169 అవుతుంది. అయ్యో, మనం అయిదింతలు తక్కువ అని గుండె బాదుకోవచ్చు. కాని యార్కులో బొగ్గు లేనివాడు చలికాలం దాటడు. మనకు ఆ ఖర్చు లేదు. కాబట్టి ఆ గుణకారమూ వద్దు. ఎవరి కుంచంతో వారినే కొలుద్దాం. అక్కడ నూటికి 28 మంది పేదరికంలో. ఇక్కడ సగటు మనిషే కనీసానికి కింద. తేడా ఇది.

ఈ పద్ధతిని అందరికీ అర్థమయ్యేట్లు వాడినవాడు గాంధీగారు. 1930 మార్చి 2న, దండి యాత్రకు ముందు, వైస్రాయి ఇర్విన్‌కు రాసిన లేఖను రెజినాల్డు రేనాల్డ్సు అనే ఆంగ్ల యువకుని చేతికిచ్చి పంపారు. అందులో ఒక చిన్న లెక్క ఉంది. వైస్రాయి జీతం నెలకు 21 వేలు, రోజుకు 700 రూపాయల పైన. భారతీయుని సగటు ఆదాయం రోజుకు రెండణాల లోపు. బ్రిటిషు ప్రధానమంత్రికి రోజుకు 180 రూపాయలు. అక్కడి మనిషి సగటు ఆదాయం సుమారు రెండు రూపాయలు. అంటే ప్రధాని తన ప్రజకు 90 రెట్లు తీసుకొంటున్నాడు. వైస్రాయి మన ప్రజకు అయిదు వేల రెట్లకు పైన. ఈ నిష్పత్తిలో మారకానికి పనిలేదు, చవక ప్రియముల ప్రసక్తి లేదు. ఏ దేశంవాడిని ఆ దేశంవాడితోనే కొలిచారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ ప్రశ్నను పండితులు శాస్త్రంగా మలిచారు. 1968లో ఐక్యరాజ్యసమితి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి దేశదేశాల ధరలను పోల్చే పని మొదలుపెట్టాయి. మొదటి విడతలో తీసుకొన్న పది దేశాలలో ఇంగ్లండూ ఇండియా రెండూ ఉన్నాయి. బుట్టెడు సరుకులకు ఏ దేశంలో ఎంత అవుతుందో చూసి కొనుగోలు శక్తిని కట్టే ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు, సేవ మన దేశంలో సగటున 20 రూపాయల పైచిలుకుకు వస్తుంది. నేను 82తో గుణించినప్పుడల్లా నాలుగింతల దాకా తప్పాను.

మరి మన దేశంలో ఈ చవక ఎక్కడినుండి వచ్చింది? అమెరికా నుండి వచ్చాక మా వీధి సెలూనులో కూర్చొని ఇదే ఆలోచించాను. అక్కడి కత్తెరా ఇక్కడి కత్తెరా ఒకటే. పట్టిన సమయమూ ఒకటే. నిజానికి మా వాడి చేయి ఇంకా తేలిక. అక్కడ 25 డాలర్లు, ఇక్కడ 120 రూపాయలు. న్యూజెర్సీలో 20 పౌనుల సోనామసూరి బియ్యం సంచి ఇంచుమించు ఒక క్షౌరపు రాబడి. ఇక్కడ ఆ తొమ్మిది కిలోలకు నాలుగైదు తలలు గొరగాలి. మావాడి చేతిలోని ఫోను 12 వేలు: నూరు క్షౌరాలు. అదే ధర ఫోను అక్కడ ఆరు క్షౌరాలు. దుకాణం అద్దెలూ పన్నులూ ఇద్దరికీ ఉన్నాయి, కాబట్టి ఈ నిష్పత్తి నిక్కచ్చి కాదు. అయినా ఆరెక్కడ, నూరెక్కడ!

ఫోనుకు, పెట్రోలుకు, బంగారానికి మన దేశమని ఎవరూ తగ్గించి ఇవ్వరు. చవకగా దొరికేది మనిషి చేతి పని ఒక్కటే. పదవీ విరమణ చేసిన నేను పింఛనుతో ఇక్కడ సుఖంగా ఉన్నానంటే, పనిమనిషి, సెలూను కుర్రవాడు, కూరల బండి ఆమె, వీరి చవకే నా సుఖం. "అమెరికాలో ఏముందండీ, మన దేశంలోనే హాయి" అని నేను నలుగురిలో అన్నప్పుడు నా చేతిలో ఉన్నది ఏ కుంచమో నాకు తెలిసింది. అది అడుగు చెక్క మందంగా ఉన్నదే.

నౌరోజీ దొరలను అడిగింది ఒక్కటే: మీరు మీ ఖైదీకి పెట్టేటంత మా రైతుకు మిగులుతున్నదా అని. ఆ ప్రశ్నను దొరలు వెళ్ళిపోయాక మనం కూడా మనకు వేసుకోవాలి. వాడికి తక్కువ చాలు అని మనం ఇప్పుడు ఎవరిని గురించి అంటున్నాం?

మా తాతగారు పోయాక ఆ రెండు కుంచాలూ అటక ఎక్కాయి. ఇల్లు అమ్మినప్పుడు ఏమైనాయో తెలియదు. మీ ఇళ్ళలో కూలి కొలతల సంగతులు పెద్దలు చెప్పగా విన్నవి ఉంటే రాయండి. మంచివే కానక్కరలేదు.

సెలవు.